పురుగు కొరికిన ఆకు

వింజమూరులో నేను పనిచేసే బడిలో పదో తరగతి పిల్లలకు వీడ్కోలు విందు పెట్టుకున్నారు. పళ్ళేలు, గ్లాసులు తెమ్మని హెడ్మాస్టరు గారు నన్ను బజారుకు పంపారు. కొట్టతను ఒక కట్ట తీసి నా ముందు పెట్టాడు. లేత పచ్చ రంగు కాగితం పళ్ళేలు. ప్రతి పళ్ళెం నడిమధ్య ఒక పెద్ద ఆకు బొమ్మ. దాని కింద, "ప్రకృతికి నేస్తం. ప్లాస్టిక్ పొర లేదు. మట్టిలో కలిసిపోతుంది."

నేను ఆ ఆకును చూస్తూ ఉండిపోయాను.

"ఏంది పాపా, ఎక్స్‌పైరీ డేటు ఎతుకుతుండావా? పళ్ళేలకు ఉండదమ్మా అది" అన్నాడు కొట్టతను. పక్కన సబ్బు కొనుక్కుంటున్న ఆవిడ నవ్వింది. నేను కట్ట సంచిలో వేసుకున్నాను. బడికి మాత్రం వేరే పళ్ళేలు కొన్నాను. ఈ కట్ట నా సొంతానికి.

ఆ ఆకు గీసిన మనిషి నాకు తెలుసు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు నడిపేవారు. అందరూ పెయింటర్ అనేవాళ్ళు, నేను మాస్టరు అనేదాన్ని. ఆయన గీసిన ప్రతి ఆకుకూ ఒక అంచున పురుగు కొరికిన చోటు ఉంటుంది. ఈ పళ్ళెం మీద ఆకుకు అది లేదు. అంచు నున్నగా, నిండుగా ఉంది. అయినా అది ఆయన ఆకే. నాకు అనుమానం లేదు.

డిగ్రీ అయ్యాక నేను ఆ షాపులో కంప్యూటర్ మీద కూర్చునే పనిలో చేరాను. మాట్లాడే పని ఎక్కువ లేని ఉద్యోగం కావాలని వెతుక్కుంటుంటే అది దొరికింది. మాస్టరు ఒకప్పుడు గోడల మీద రాసేవారు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బస్సులో పోతుంటే ఎరువుల కంపెనీల పేర్లు, ఎన్నికల గుర్తులు, సున్నం కింద నుంచి సగం సగం బయటికి చూస్తూ ఉంటాయి. అందులో చాలావరకు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక గోడలు వదిలేసి ఆయనా మిషను కొన్నారు. కంప్యూటర్ మాత్రం ముట్టుకోలేదు. చార్టు మీద కుంచెతో గీసి ఇస్తే, నేను దాన్ని స్కాన్ చేసి, గీతల వెంట మళ్ళీ గీసి, రంగులు నింపేదాన్ని.

ఆయన గీసేవాటిలో ఎక్కువ ఆకులే. ఎందుకంటే వచ్చినవాళ్ళందరికీ ఆకే కావాలి. బోరు పైపుల వాళ్ళకు ఆకు. చికెన్ సెంటరుకు ఆకు. దోమల మందుకు రెండాకులు. ఆత్మకూరులో ఈ అలవాటు మొదలుపెట్టింది తనేనని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. ఎప్పుడో ఒక సిమెంటు ఏజెంటు బోర్డులో మూల ఖాళీగా మిగిలిపోతే అక్కడ ఒక ఆకు వేశారట. మర్నాడు ఇంకో సిమెంటు ఏజెంటు వచ్చి, "ఆళ్ళకేసినావే ఆకు, నాకూ వెయ్యి, ఆళ్ళకంటే పెద్దది" అన్నాడట.

"అప్పుడు అర్థమయింది పాపా నాకు. ఆకు చూస్తే మనిషి ఇంకేం అడగడు. ఎందుకడగడో మాత్రం నాకు ఈనాటికీ తెలీలా" అనేవారు.

తెలుసుకోవాలని మాత్రం ఆయనకు ఉండేది. దుకాణంలో ఏ వస్తువు కొన్నా అట్టపెట్టె మీద రాసిందంతా పైకి చదివేవారు. మామూలుగా కాదు, గుడిలో పాస్టరు వాక్యం చదివినట్టు, ఆగి ఆగి, గొంతు కొంచెం పెంచి. "ఈ గిన్నెల సబ్బు... ప్రకృతికి మంచిది... భూమికి మంచిది." చదవడం అయ్యాక పెట్టెను తిరగేసి, కింద కూడా చూసి, నా వైపు తిరిగేవారు. "ప్రకృతి అంటే ఎవురబ్బా? యాడుంటాది? దానికి మంచిదని ఈళ్ళకు ఎవురు చెప్పినారు? అదే వచ్చి చెప్పిందా?" నేను నవ్వితే ఆయనకు చాలు. ఇంకో పెట్టె తీసేవారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఆకు కావాలని ఎవరు వచ్చినా, "ఏ ఆకు?" అని అడిగేవారు. వాళ్ళు తెల్లబోయేవాళ్ళు. "ఏదో ఒకటి మాస్టరూ, పచ్చంగా ఉంటే చాలు" అనేవాళ్ళు. "అట్టా కుదరదు. నీ సరుకులో ఏ ఆకుండాదో అది తెచ్చి నా ముందర పెట్టు. చూసి గీస్తా." వేపసబ్బు ఆయన వేపరెమ్మ తెచ్చేవాడు. ఆయుర్వేదం షాపు ఆయన తులసి తెచ్చేవాడు. ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుల డీలరు ఒకాయన మాత్రం చాలాసేపు గింజుకున్నాడు.

"ట్యాంకులో ఆకేంది మాస్టరూ? ఆకు పడితే కడుక్కోవాల."

"మరి బోర్డు మీద దేనికి?"

"ఎకో ఫ్రెండ్లీ అని రాయిస్తుండా గదా, దాని పక్కన ఉండాల."

"ఐతే తీసకరా."

డీలరు విసుక్కుంటూ బస్టాండు వైపు పోయాడు. అక్కడ కనిపించిన పచ్చదనమల్లా పాన్ షాపులోదే. ఒక తమలపాకు పట్టుకొచ్చాడు. మాస్టరు దాన్ని వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు పెట్టుకుని, చాలా శ్రద్ధగా గీశారు. ఆ బోర్డు సోమశిల రోడ్డు మీద కట్టాక జనం దాన్ని కల్యాణమండపం అనుకున్నారు. ముహూర్తాలు ఖాళీ ఉన్నాయా అని ఆ డీలరుకు ఫోన్లు వచ్చాయట. తిట్టడానికి వచ్చినవాడు మాస్టరు నవ్వు చూసి తనూ నవ్వి టీ తాగి పోయాడు.

ఇంత అడిగే మనిషికి చెట్లు బాగా తెలుసు అనుకుంటే పొరపాటే. నేరేడాకును చూపించి మామిడి అని వాదించి పాన్ షాపు అతని దగ్గర పందెం ఓడిపోయారు. తెలుసుకోవాలన్న ఆత్రమే గానీ, తెలిసింది తక్కువ. అందుకే ఆకు ఎదురుగా ఉంటే తప్ప గీయలేరు. ఎదురుగా ఉన్నదాన్ని మాత్రం ఉన్నట్టే గీసేవారు, కొరికిన చోటుతో సహా. అసలు కొరికిన ఆకే ఏరి తీసేవారు.

"ఏంది మాస్టరూ, ఆకుకు బొక్క పెట్టినావు?" అని ఒక సేంద్రియ కూరగాయల షాపు అబ్బాయి గొడవ చేశాడు.

"మందు కొట్టలేదన్నావు గదరా?"

"అవును."

"మందు కొట్టకపోతే పురుగు తినదా? నువ్వు చెప్పిన మాటకు ఆ బొక్కే సాక్ష్యం. పూడ్చమంటే పూడుస్తా. అప్పుడు మందు కొట్టినావని అర్థం."

అతను తల గోక్కుని ఆ ఆకుతోనే బోర్డు కట్టుకున్నాడు.

నేను డ్రాయరు సగం తెరిచి అందులో పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. ఎవరైనా వస్తే డ్రాయరు మూసేదాన్ని. మాస్టరుకు తెలియదనుకున్నాను. ఒకరోజు చార్టు మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆ పిల్ల చివరికి ఇంటికి పోయిందా పాపా?" అన్నారు. ముందు రోజు నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన ఆ పుస్తకంలో మొదటి పేజీలు చదివారట. నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఒకాయన ఫ్లెక్సీ కోసం వస్తే, "ఉండబ్బా, ఈడ మనిషి రైలెక్కుతుండాది" అని ఆపేశారు. ఇంట్లోవాళ్ళతో కాకుండా ఒకరితో అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. ఆ రోజు డైరీలో ఆ సంగతి తప్ప వేరే ఏమీ రాసుకోలేదు.

ఇక పళ్ళేల సంగతి.

మోటారు సైకిలు మీద వచ్చాడు ఆ కంపెనీ కుర్రవాడు. మెడలో కార్డు, చేతిలో నమూనా పళ్ళెం. ఆకు గుజ్జుతో చేసినవని, వాడి పారేస్తే ఎరువైపోతాయని చెప్పాడు. పళ్ళెం మీద వేయడానికి ఒక ఆకు బొమ్మ కావాలన్నాడు.

"ఏ ఆకు గుజ్జు?" అన్నారు మాస్టరు.

"మోదుగ సార్. మన పాతకాలం విస్తరాకులు కుట్టేవాళ్ళు గదా, అదే."

మాస్టరు ముఖం వెలిగిపోయింది. నమూనాను తిప్పి తిప్పి చూసి, గోడకు ఆనించి, దూరంగా నిలబడి మళ్ళీ చూశారు. కుర్రవాడికి మోదుగ చెట్టు ఎలా ఉంటుందో తెలియదు. ఎప్పుడూ లేనిది ఆ ఒక్కసారి ఆయనే, "నువ్వేం తేవొద్దులే. నేనే తెస్తా. మా అక్క దగ్గర లేని మోదుగాకు యాడుంటాది" అన్నారు.

ఆయన అక్క ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో ఉంటుంది. నేను ఆమెను అవ్వ అంటాను. వాళ్ళ చర్చి సంఘంలో ఏటా కోత పండగ జరుగుతుంది. పంటలో మొదటి భాగం గుడికి తెచ్చి, ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తింటారు. గుమ్మడికాయ పండినవాళ్ళు గుమ్మడికాయ, సజ్జలు పండినవాళ్ళు సజ్జలు తెస్తారు. అవ్వ విస్తరాకులు తెచ్చేది. ఆ విందులో ఊరంతా తినడానికి సరిపడా విస్తళ్ళు ఏడాది పొడుగునా తీరిక దొరికినప్పుడల్లా కుట్టి, కట్టలు కట్టి, ఆ రోజు గుడిలో బల్ల ముందు పెట్టేది. అది ఆమె అర్పణ. విందు అయ్యాక తిన్న విస్తళ్ళన్నీ అవ్వ పెరటి దిబ్బలోనే పోసేవాళ్ళు. పేడతో కలిసి మాగి, వానలకు ముందు ఆమె చేలోకి ఎరువుగా పోయేవి. అది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతి.

ఆ ఆదివారం మాస్టరు అక్క దగ్గరికి పోయి ఒక ఆకు తెచ్చారు. సోమవారం నాకు చూపిస్తూ అక్కడ జరిగిందంతా ఇద్దరి గొంతులతో చెప్పారు. కుట్టడానికి పనికిరావని ఆమె పక్కన పడేసిన కుప్పలోంచి ఆయన కొరికిన ఆకు ఏరుకున్నారట.

"తిన్న ఆకు దేనికిరా అబ్బయ్యా? చారు కారిపోద్ది. అది మేకలకు."

"తినేదానికి కాదక్కా, గీసేదానికి."

"గీసేదానికి మంచిది తీసకపో. నా పరువు తీస్తావా?"

ఆయన చార్టు మీద గీసి ఇచ్చాక నేను గీతల వెంట మౌసు నడిపిస్తుంటే, కొరికిన చోటు పక్కన ఒక ఈనె తిన్నగా పోకుండా వంగి, చుట్టూ తిరిగి అంచుకు చేరడం కనిపించింది. చెయ్యి వణికిందేమోనని నేను దాన్ని సరిచేయబోయాను.

"వద్దు పాపా, అది అట్టనే ఉండాది. నిజం ఆకు చూడు" అన్నారు. టేబులు మీది ఆకు తీసి చూశాను. నిజమే. "లేతగా ఉన్నప్పుడు పురుగు కొరికింటది. ఆ దెబ్బను తప్పించుకోని పక్కగా పెరిగింది ఈనె. మా అక్క మాదిరి" అని నవ్వారు. నేను ఆ వంపును అలాగే ఉంచాను. ఆ ఒక్క ఈనె కోసం ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

ఆ ఏడు కోత పండక్కి రమ్మని మాస్టరు పిలిస్తే మా అమ్మా, నేనూ వెళ్ళాం. ఆరాధన అయ్యింది. పందిరి కింద పట్టలు పరిచారు. సంఘంలో కుర్రవాళ్ళు పచ్చ పళ్ళేల కట్టలు విప్పడం మొదలుపెట్టారు. పళ్ళేల కంపెనీ వాళ్ళు విందుకు ఉచితంగా ఇచ్చారట. ప్రతి పళ్ళెంలో మాస్టరు ఆకు, కొరికిన చోటుతో సహా, మెరుస్తూ ఉంది. మాస్టరు వరస వెంట నడుస్తూ కనిపించినవాళ్ళకల్లా చెప్పారు. "నేను గీసిందే. ఈ ఊరి ఆకే. మా అక్క కొట్టంలోదే."

అవ్వ విస్తళ్ళ కట్టలు బల్ల పక్కన అలాగే ఉన్నాయి. ఎవరూ ఆమెను కాదనలేదు, ఎవరూ వద్దనలేదు. కుర్రవాళ్ళకు ఇవి చేతికందాయి, అంతే. ఆమె వెళ్ళి తన కట్టలోంచి ఒక విస్తరి తీసుకుని, నీళ్ళు చల్లి తుడుచుకుని, నా పక్కన కూర్చుంది. వేడి అన్నం పడగానే ఆ ఆకు వాసన నా దాకా వచ్చింది.

"నీ ఆకు బాగుండాది అబ్బయ్యా. అన్నానికి వాసనే రాలా" అంది తమ్ముడితో.

"కొత్తది గదక్కా" అన్నారాయన.

తిన్నాక ఆడవాళ్ళు పళ్ళేలు ఎత్తి గంపల్లో వేసుకుని, అలవాటు ప్రకారం అవ్వ పెరటికే నడిచారు. "ఆకే గదా పెద్దమ్మా, నీ దిబ్బలోనే పోస్తుండాం" అని ఒకావిడ కేక వేసింది. అవ్వ చెయ్యి ఊపింది. ఆమె మేకలు వచ్చి పళ్ళేల్లోని మెతుకులు నాకి, పళ్ళేలు వదిలేసి పోయాయి. మేం అది చూశాం. చూసి, వాటి కడుపు నిండిందనుకున్నాం.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు షాపుకు ఫోను వచ్చింది. మాస్టరు చేతులకు రంగు ఉందని నేను స్పీకరు పెట్టాను.

"ఒరే అబ్బయ్యా, తీరికుంటే రా. నా చేలో నీ ఆకులు మొలిచినాయి."

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. "నువ్వూ రా పాపా. గీసింది నేనైతే రంగేసింది నువ్వు" అని నన్నూ బస్సెక్కించారు.

అవ్వ చేలో ఎరువు చల్లి దున్నారు. ఒక వేసవి వాన పడి పై మట్టి కొట్టుకుపోయింది. చేనంతా పలచటి పొరలు. కాగితం గుజ్జయిపోయి, పైన అతికించిన పొర మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. అచ్చు వేసింది ఆ పొర మీదే. అందుకని ఆకు చెక్కుచెదరలేదు. మట్టిలో సగం, బయట సగం, గాలికి కొసలు కదులుతూ, ఎక్కడ చూసినా మాస్టరు ఆకులు. కొరికిన చోటు, వంగిన ఈనె, అన్నీ ఉన్నాయి.

"ఈ మట్టిలో కంది విత్తనం ఎట్టా లేస్తాదో చెప్పు. నెత్తిన ఇది కప్పుకోని" అంది అవ్వ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

మాస్టరు వంగి ఒక పొర లాగారు. మట్టి దులిపి వెలుతురుకు పట్టారు. పొరలోంచి ఉదయగిరి కొండ పచ్చగా కనిపించింది. చాలాసేపు అలాగే చూశారు. ఏదైనా కొత్త ఆకు దొరికితే చూసినట్టే చూశారు.

"నేను బొక్క గీసినా గానీ, దీన్ని ఒక్క పురుగూ ముట్టుకోలా పాపా" అన్నారు చివరికి.

ఆ రోజు పొద్దువాలే దాకా ముగ్గురం ఏరాం. ఇంకా మిగిలాయి. ఇద్దరం బస్సెక్కాం. దిగేటప్పుడు మాస్టరు, "ఏ ఆకు అని అడిగినాను గానీ, అసలు ఆకుండాదా అని అడగలా" అన్నారు.

మర్నాడు షాపు గుమ్మంలో ఒక నీళ్ళ బకెట్ వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి ఆకు కావాలని ఎవరు వచ్చినా, తెచ్చిన సరుకును ముందు బకెట్లో వేయాలి. రెండు రోజులు నానాలి. "బాప్తిస్మం అయినాక ఆకు. మునగందే నేను నమ్మను" అనేవారు. పాస్టరు గారు ఒకసారి షాపు ముందు ఆగి విని, నవ్వాలో కోప్పడాలో తెలియక, "పెయింటరూ, మాటలు జాగ్రత్తయ్యా" అని వెళ్ళిపోయారు. కొన్ని సంచులు మునిగినవి మునిగినట్టే తేలాయి. ఒక కప్పు రంగు వదిలి బకెట్టంతా పచ్చబడింది. వక్కపట్టతో చేసిన పళ్ళెం ఒకటి నాని మెత్తబడి, పొర ఏదీ లేకుండా వేళ్ళ మధ్య నారనారగా విడిపోతే ఆయన సంబరం ఇంతా అంతా కాదు. అది తెచ్చిన మనిషికి టీ తెప్పించి, అతను అడగకుండానే రెండు రకాల ఆకులు గీసి చూపించారు.

గిరాకీ తగ్గింది. ఎదురు షాపులో అడిగిన వెంటనే ఇంటర్నెట్‌లోంచి ఆకు తీసి వేసేవాళ్ళు. అందరూ అటు పోయారు. మాస్టరు వాళ్ళ బోర్డులను కూడా ఆగి చూసేవారు. "ఆ ఆకు ఏ దేశందో పాపా! ఆత్మకూరులో ఈ ఆకు నేనెప్పుడూ చూళ్ళా" అని ఆశ్చర్యపోయేవారు.

పళ్ళేల కుర్రవాడు మళ్ళీ ఒకసారి వచ్చాడు. మాస్టరు అతన్ని కూర్చోబెట్టి, చేలో ఏరిన పొర ముందు పెట్టారు.

"నా ఆకు నాకు ఇచ్చెయ్ నాయనా."

"అదెట్టా సార్? అది కంపెనీ డిజైను. అసలు దానికే కంప్లయింట్లు వస్తుండాయి, బొక్కేందని."

"బొక్క సంగతి నేను అడగలా. పొర సంగతి అడుగుతుండా."

"పొర లేకపోతే చారు కారిపోదా సార్?"

"మా అక్క ఆకులో కారలా."

కుర్రవాడు పైవాళ్ళతో మాట్లాడతానని చెప్పి పోయాడు. ఆ తరవాత మాస్టరు చాలా రోజులు, మోటారు సైకిలు చప్పుడైతే తల ఎత్తి చూసేవారు. ఆకు తిరిగి రాలేదు. ఆ చలికాలం ఆయన జ్వరమని పడుకున్నారు, లేవలేదు. షాపు మూతపడింది. నేను వింజమూరు వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం సెలవు పెట్టి, పళ్ళేల కట్ట పట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. అవ్వ వసారాలో కూర్చుని విస్తరాకులు కుడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను కట్ట విప్పి ఒక పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇయ్యేనా? ఈ ఆదివారం పండక్కి మావాళ్ళు ఇయ్యే తెస్తామంటుండారు. ఇప్పుడు పొర తీసేసినారంట గదా. అట్టని రాసుండాదంట."

"అవునవ్వా, రాసుంది."

ఆమె పళ్ళేన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. "బొక్క యాడకి పోయింది?" అని వేలితో అంచు వెంట తడిమింది. వేలు ఆగింది. అక్కడ ఈనె, ఏ అడ్డమూ లేని చోట, పక్కకు వంగి, చుట్టూ తిరిగి అంచుకు చేరుతోంది. పూడ్చినవాళ్ళు దాన్ని చూసుకోలేదు.

"మావాడిదే" అంది అవ్వ.

ఆకులు కుట్టీ కుట్టీ ఆమె కుడి బొటనవేలి గోరు గట్టిగా, పెద్దగా ఉంటుంది. పుల్లలు తుంచేది దానితోనే. ఆ గోటిని సరిగ్గా ఆ వంపు లోపల, పురుగు కొరికిన చోట పెట్టి నొక్కింది. కాగితం చిరిగింది. పైన పొర మాత్రం తెగలేదు. గోటి చుట్టూ తెల్లగా సాగి, పలచబడి, ఆమె వేలు తీసేదాకా అలాగే అంటుకుని ఉంది.

మాస్టరు బకెట్ అవసరం పడలేదు.

అవ్వ ఆ పళ్ళేన్ని పారేయలేదు. కుట్టిన విస్తళ్ళ కట్ట మీద పెట్టింది. "ఆదివారం పట్టలు పరిచే ముందర అందరికీ చూపించాల. నేను చెప్తే నా ఆకుల కోసం చెప్తుండానంటారు. నువ్వొచ్చి చెప్పు."

"నాకు నలుగురిలో మాట రాదవ్వా."

"మాట దేనికే? గోరు పెట్టి చూపించు, చాలు."

ఈ రోజు శనివారం. మర్నాడు గుడికి పోవాలని మా ఇంట్లో శనివారం సాయంత్రం అందరం తలస్నానం చేసి గోళ్ళు కత్తిరించుకుంటాం. అమ్మ కత్తెర తెచ్చి నా పక్కన పెట్టి పోయింది. ఎడమ చేతి గోళ్ళు కత్తిరించుకున్నాను. కుడి చేతి బొటనవేలు మాత్రం వదిలేశాను.